కొడుకు పోయిన దుఃఖంలోంచి ఏదో ఒకటి సాధించాలంటున్నారు, నాకేమీ కనిపించడం లేదు

ప్రశ్న: నా వయసు 49. తెనాలి దగ్గర ఎరువుల కొట్టు నడుపుతాను. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మా అబ్బాయి కాలేజీ నుంచి బండి మీద వస్తూ లారీ గుద్ది చనిపోయాడు. ఏడాదిన్నర దాటింది. ఆ బండి కొనిచ్చింది నేనే. ఆ రోజు హెల్మెట్ ఇంట్లో మేకుకే వేలాడుతోంది. సంవత్సరీకం నాడు వాడి పేరు మీద వంద హెల్మెట్లు పంచాం. ఎస్సై గారు వచ్చారు, సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు, పేపర్లో పడింది. అందరూ మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి కూర్చుంటే మనసులో ఏమీ లేదు, ఖాళీ. మా బావమరిది రోజూ వీడియోలు పంపుతాడు. కష్టం మనిషిని గట్టిపరుస్తుందట, బాధని బలంగా మార్చుకోవాలట. వాడి పేరున ట్రస్టు పెట్టు, 5 లక్షలు అప్పు నేనిప్పిస్తా అంటాడు. నా భార్యకి ఇవేవీ పట్టవు. వాడి గదిలోనే కూర్చుంటుంది, నాతో మాటలు తగ్గించేసింది. అమ్మాయి ఇంటర్ సెకండియర్. నాకు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. బండి కొనకపోతే బతికేవాడు అన్న మాటే తిరుగుతూ ఉంటుంది. దుఃఖం అందరికీ ఏదో నేర్పుతుందంటారు. నాకు నేర్పలేదు. లోపం నాలోనే ఉందా? ట్రస్టు పెడితే మారుతుందా?
– ఒక తండ్రి

సమాధానం: ముందు ట్రస్టు సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు పెట్టకండి. అప్పు చేసి అసలే పెట్టకండి. ట్రస్టంటే డీడ్ రాయించి రిజిస్ట్రేషన్ చేయించాలి, పాన్ తీసుకోవాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, ట్రస్టీలను కుదుర్చుకోవాలి, ఏటా లెక్కలు రాయాలి. నిద్ర లేని మనిషి మొదటి ఆరు నెలలూ ఊపు మీద ఇవన్నీ చేసేస్తాడు. ఆ తర్వాత ఓపిక అయిపోతుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అబ్బాయి పేరున్న బోర్డు కింద బాకీ మిగిలితే అది మీకు రెండో దెబ్బ. పైగా మీ ఉత్తరంలో ట్రస్టు గురించి మీ బావమరిది మాట ఉంది, మీ మాట ఉంది, మీ భార్య మాట లేదు. వాడు ఆవిడకీ కొడుకే.

ఇక లోపం మాట. మీలో లోపం లేదు. మీ చేతిలో పెట్టిన కొలతే తప్పు. ఆ వీడియోల్లో చెప్పేదానికి ఒక మూలం ఉంది. అమెరికాలో, షార్లెట్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 1996లో 21 ప్రశ్నల కొలమానం ఒకటి ప్రచురించారు. పెద్ద దెబ్బ తిన్నవాళ్లలో కొందరు ఐదు చోట్ల మారామని చెబుతారని వాళ్లు గమనించారు. సాటి మనుషులతో దగ్గరితనం పెరగడం, ఇంతకుముందు తోచని దారులు కనిపించడం, తట్టుకోగలనన్న నమ్మకం రావడం, దేవుడి గురించీ బతుకు గురించీ ఆలోచన లోతుకెళ్లడం, ఉన్న రోజుల విలువ తెలియడం. అంతవరకూ నిజమే. వీడియోలోకి వచ్చేసరికి మిగతా సగం జారిపోతుంది. మార్పు తెచ్చేది దెబ్బ కాదని వాళ్లిద్దరూ స్పష్టంగానే చెప్పారు. దెబ్బకి మన నమ్మకాలన్నీ కూలిపోయాక, వాటిని మళ్లీ పేర్చుకోవడానికి పడే పెనుగులాటలోంచి అది వస్తే వస్తుంది. వచ్చినవాళ్లకి దుఃఖం పోదు. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. రానివాళ్లు బోలెడంతమంది. వాళ్లూ ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ మామూలుగానే బతుకుతారు.

ఇంకో సంగతి కూడా మీ బావమరిదికి చెప్పవచ్చు. పాట్రీషియా ఫ్రేజియర్ బృందం 2009లో కాలేజీ విద్యార్థుల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. దెబ్బ తగలకముందు ఒకసారి, తగిలాక ఒకసారి కొలిచి చూశారు. "నేను ఎదిగాను" అని పిల్లలు చెప్పిన దానికీ, రెండు కొలతల మధ్య నిజంగా కనిపించిన తేడాకీ పెద్దగా పొంతన కుదరలేదు. కాబట్టి ఎదిగామని చెప్పుకునేవాళ్లందరూ ఎదిగినట్టూ కాదు, చెప్పుకోలేని మీరు ఎదగనట్టూ కాదు. ఏడాదిన్నరకి ఇంత మార్పు రావాలన్న లెక్క ఎక్కడా లేదు.

అయితే టెడెస్కీ, కాల్హూన్ పెనుగులాట అన్నారు కదా, అది మీ దగ్గర ఎక్కడ ఆగిపోయిందో మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. తెల్లవారుజామున మూడింటి దగ్గర ఆగింది.

దుఃఖంలో ఆలోచన రెండు రకాలుగా నడుస్తుంది. ఒకటి దానంతటదే వచ్చి పడుతుంది. అదే మాట, అదే బొమ్మ, మొదలూ చివరా లేకుండా తిరుగుతుంది. రెండోది మనం కావాలని కూర్చుని చేసేది. అసలేం జరిగింది, నాకేం తెలుసు, ఇప్పుడేం మిగిలింది అని. టెడెస్కీ, కాల్హూన్ చెప్పే మార్పు ఈ రెండో రకంతో ముడిపడి ఉంటుంది. తేడా పట్టుకోవడం కష్టం కాదు. అరగంట ఆలోచించాక కొత్త వాక్యం ఒక్కటైనా వచ్చిందా? రాకపోతే అది మొదటి రకం. "బండి కొనకపోతే" అన్నది ఏడాదిన్నరగా అదే వాక్యం. దాన్ని మూడింటి చీకట్లోంచి పగటి వెలుతురులోకి లాగాలి. ఎలాగో చెబుతాం.

జేమ్స్ పెన్నెబేకర్ అనే మానసిక శాస్త్రవేత్త 1980లలో మొదలుపెట్టిన రాత పద్ధతి ఒకటుంది. రోజుకి 15 నుంచి 20 నిమిషాలు, వరుసగా మూడు నాలుగు రోజులు, మనసులో అన్నిటికంటే బరువైన దాని గురించి కలం ఆపకుండా రాయడం. ఇది కొడుకు పోయిన దుఃఖాన్ని తగ్గిస్తుందని మేం చెప్పం. ఆప్తులు పోయినవాళ్ల మీద చేసిన పరీక్షల్లో దుఃఖం మట్టుకు పెద్దగా తగ్గలేదు. మీకు దీంతో పని వేరు. గుండ్రంగా తిరిగేదాన్ని గీతలా సాగదీయడానికి. కొట్టు మూసే మధ్యాహ్నం వేళ పెట్టుకోండి, రాత్రి పడుకునే ముందు వద్దు. పాత నోటుబుక్కూ పెన్నూ చాలు. ఫోన్లో టైపు చేయకండి, మధ్యలో ఎవరో మెసేజ్ పెడతారు. అలారం 20 నిమిషాలకి పెట్టి, మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయండి. తర్వాత పది నిమిషాలు చేతులకి పని చెప్పండి, స్టాకు సర్దుకోవడమో, మొక్కలకి నీళ్లు పోయడమో.

వరుస మేం సూచిస్తున్నాం. మొదటి రోజు, ఫోను వచ్చిన క్షణం నుంచి జరిగింది జరిగినట్టు. రెండో రోజు, ఆ రోజుల్లో మీరు ఎవరితోనూ అనని మాట. మూడో రోజు, బండి కొన్న రోజు. నాలుగో రోజు, ఈ ఇల్లు ఇప్పుడెలా ఉంది, ఎవరు దగ్గరయ్యారు, ఎవరు దూరమయ్యారు. రాసింది ఎవరికీ చూపించక్కర్లేదు, చించేసినా ఫర్వాలేదు. రాసిన గంటా రెండు గంటలూ మనసు మరింత బరువెక్కుతుంది, అది మామూలే. మర్నాటికి కూడా దిగకపోతే, ప్రమాదం బొమ్మలు కళ్ల ముందు కదలడం ఎక్కువైతే ఆపేయండి. అది ఒంటరిగా చేయాల్సిన పని కాదు. ఇక నాలుగు రోజులూ అదే నింద అవే మాటల్లో రాశారనుకోండి, ఐదో రోజు రాయకండి. అప్పుడు మూడింటి పనినే మధ్యాహ్నం చేస్తున్నట్టు లెక్క.

మూడో రోజు రాత ముఖ్యం కాబట్టి దాని గురించి ఇంకాస్త. కాగితాన్ని నిలువుగా రెండు చేయండి. ఎడమ పక్కన, బండి కొన్న రోజు మీకు తెలిసినవి మాత్రమే రాయండి. కాలేజీ ఎంత దూరం, బస్సు ఎన్నింటికి, ల్యాబ్ ఉన్న రోజున ఎన్నింటికి ఇల్లు చేరేవాడు, ఎన్ని నెలలు అడిగాడు, వాడి క్లాసులో ఎంతమందికి బండి ఉంది, లైసెన్సు ఎప్పుడు వచ్చింది. కుడి పక్కన, ప్రమాదం జరిగాక తెలిసినవి. "బండి కొనకపోతే" అన్న వాక్యం కుడి పక్క సమాచారంతో ఎడమ పక్క మనిషికి శిక్ష వేస్తోంది. రాసి చూస్తేనే ఇది కళ్లకి కడుతుంది, మనసులో అనుకుంటే కనపడదు.

తర్వాత ఇంకో కాగితం. ఆ సాయంత్రం అలా జరగడానికి చెయ్యి వేసినవన్నీ రాయండి. లారీ వేగం, ఆ మలుపు, లైట్లు లేకపోవడం, హెల్మెట్ వదిలి వెళ్లిన 20 ఏళ్ల కుర్రాడి నిర్ణయం, సరైన బస్సు లేకపోవడం, ఆస్పత్రికి చేరడానికి పట్టిన సేపు. మీ కేసులో ఏవి నిజమో అవే. మొత్తం వంద అనుకుని ఒక్కోదానికి వాటా వేయండి. మీ వాటా చివర్న వేయండి. ఈ వరుస తప్పకూడదు. మీతో మొదలుపెడితే 90 మీకే వేసుకుని మిగతా పది అందరికీ పంచుతారు, ప్రతివాళ్లూ అదే చేస్తారు. చివర్న వేస్తే మీకు సున్నా వస్తుందని మేం హామీ ఇవ్వం. హెల్మెట్ పెట్టుకోమని గట్టిగా పట్టుబట్టలేదని మీకు అనిపిస్తే ఐదో పదో మిగలొచ్చు. మిగలనివ్వండి. "నీ తప్పేం లేదు" అని అందరూ అనడం వల్లే ఆ కొంచెం నాది అన్న మాట మీ నోట్లోంచి బయటికి రావడం లేదు. ఆ ఐదుకి మీరు వాడికి ఉత్తరం రాయొచ్చు, క్షమించమని అడగొచ్చు. తొంభైని మోస్తూ ఎవరూ బతకలేరు, ఐదుని మోయగలరు.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం.

మీరు బయట తిరుగుతున్నారు, ఆవిడ గదిలో కూర్చుంటోంది. మీకు ఆవిడ దుఃఖంలో మునిగిపోయినట్టు కనిపిస్తుంది. ఆవిడకి మీరు కొడుకుని మర్చిపోయి ఫ్లెక్సీలు కట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి ఒక వివరణ ఇచ్చారు. పోయినవాళ్ల వైపు తిరిగి ఏడవడం ఒక పని, మిగిలిన బతుకుని సర్దుకోవడం ఇంకో పని. దుఃఖపడే మనిషి ఈ రెంటి మధ్యా అటూ ఇటూ తిరుగుతూ ఉండాలి, ఏదో ఒక వైపే ఉండిపోతే ఇబ్బంది. మీ ఇంట్లో ఒకళ్లు ఒక పనీ, ఇంకొకళ్లు ఇంకో పనీ పంచేసుకున్నారు. హెల్మెట్లు పంచి వచ్చాక ఖాళీగా అనిపించడంలో వింతేమీ లేదు. అది సర్దుకునే పని, ఏడుపుని అది తీర్చదు.

కాబట్టి వారానికి రెండు సాయంత్రాలు, ఇరవై నిమిషాలు, ఆ గదిలోనే ఆవిడ పక్కన కూర్చోండి. ఆవిణ్ని హాల్లోకి రమ్మనకండి. ఫోను బయట పెట్టండి. ధైర్యం చెప్పకండి, సలహా ఇవ్వకండి, ట్రస్టు మాట ఎత్తకండి. వాడి పేరు పెట్టి ఒక్క సంగతి చెప్పండి, చిన్నది. పప్పులో ఏం కలుపుకునేవాడు, ఏ పాటకి వాల్యూం పెంచేవాడు. మొదటి మూడు నాలుగు సార్లు ఆవిడ ఏమీ మాట్లాడకపోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. మళ్లీ వెళ్లి కూర్చోండి. "బండి కొన్నందుకు నా మీద కోపంగా ఉందా" అని అడిగే రోజు ఒకటి వస్తుంది. ఆ ప్రశ్న మీరే అడగాలి. ఉంది అని ఆవిడ అంటే వాదించకండి, రెండు కాగితాలూ తీసి చూపించకండి. అవి మీ కోసం రాసుకున్నవి. విని ఊరుకోండి.

గది ఖాళీ చేయాలా అని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. గడువేమీ లేదు. ఆవిడ సిద్ధమైన రోజు ఇద్దరూ కలిసి మొదలుపెట్టండి, ఒక పూటకి ఒక అలమర అర చాలు. ఉంచుకునేవి, ఇచ్చేసేవి, ఇప్పుడు తేల్చుకోలేనివి అని మూడు అట్టపెట్టెలు. మూడో పెట్టె ఎంత పెద్దదైనా తప్పులేదు. ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మీ ఫోన్లో, ఆవిడ ఫోన్లో వాడు పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి. ఫోను పాడైనా, మార్చినా పోతాయి. ఈ వారమే తెలిసిన కుర్రాడి చేత రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించండి, ఒకటి వేరే ఇంట్లో దాచండి. వాడి సిమ్ రీఛార్జ్ లేకుండా వదిలేసి ఉంటే ఆ నంబరు ఇప్పటికే ఇంకొకరికి వెళ్లి ఉండొచ్చు. గొంతు వినాలని డయల్ చేసి, ఎవరో "హలో, ఎవరండీ" అంటే తట్టుకోలేని తల్లులున్నారు. ఆవిడకి ముందే చెప్పి ఉంచండి.

అమ్మాయి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, చదువుతున్న తరగతి. ఇంటర్ సెకండియర్, పదిహేడేళ్లుంటాయి. ఇంట్లో ఇద్దరూ కూలిపోయి ఉంటే ఈ వయసు పిల్లలు ఏడవడం మానేసి మార్కులు తెచ్చుకుంటూ కూర్చుంటారు, బాగానే ఉందని పెద్దవాళ్లు అనుకుంటారు. "అన్నయ్య లేని లోటు నువ్వే తీర్చాలి" అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. మీరు అని ఉంటే వెనక్కి తీసుకోండి, "నువ్వు నీలాగుంటే చాలమ్మా" అని చెప్పండి. ఇంకొకటి. సెంటర్లో కట్టిన ఆ ఫ్లెక్సీ ఇంకా ఉందేమో చూడండి. రోజూ కాలేజీకి వెళ్తూ అన్నయ్య ఫొటో కిందనుంచి, ఎండకి వెలిసిన 'అశ్రునివాళి' కిందనుంచి ఆ పిల్ల వెళ్లాలి. ఉంచాలా, తీసేయాలా అని ఆ పిల్లనే అడగండి. ఆ నిర్ణయం పూర్తిగా తనకే వదిలేయండి.

మీకు ఏటా రెండు రోజులు ముందే చెప్పి మరీ దెబ్బ కొడతాయి. వాడు పోయిన తిథి ఒకటి, ఇంగ్లీషు తేదీ ఇంకొకటి. చాంద్రమానం ఏడాదికి దాదాపు 354 రోజులే కాబట్టి తిథి మామూలుగా ఏటా పదీ పదకొండు రోజులు ముందే వస్తుంది, అధికమాసం పడితే ఆలస్యంగా వస్తుంది. బంధువులు తిథి నాడు వస్తారు, భోంచేసి వెళ్లిపోతారు. తేదీ నాడు ముగ్గురూ ఒంటరిగా ఉంటారు. ఈ రెండో రోజుకే ఏర్పాటు కావాలి. వారం ముందే ముగ్గురూ కూర్చుని ఆ రోజు ఉదయం ఎక్కడ, మధ్యాహ్నం ఎక్కడ, ఎవరు ఒంటరిగా ఉండాలనుకుంటున్నారు అని అనుకోండి. వాడి పుట్టినరోజూ అంతే.

ఇప్పుడు సేవ. సేవ వద్దని మేం అనడం లేదు. కొడుకుల్నీ తమ్ముళ్లనీ రోడ్డు మీద పోగొట్టుకుని గట్టి పని చేసినవాళ్లున్నారు. ఢిల్లీలో పీయూష్ తివారీ తన దగ్గరి బంధువైన కుర్రాణ్ని 2007లో రోడ్డు ప్రమాదంలో కోల్పోయారు. దెబ్బలతో పడి ఉన్న ఆ అబ్బాయికి దారినపోయేవాళ్లు సాయం చేయలేదు. ఎందుకు చేయలేదని ఆయన అడిగారు. పోలీసులూ కోర్టులూ తిప్పుతారన్న భయం జనానికి ఉందని తేలింది. 2008లో పెట్టిన ఆయన సంస్థ వేసిన కేసులోనే, సాయం చేసినవాళ్లని వేధించకూడదన్న మార్గదర్శకాలకి 2016లో సుప్రీంకోర్టు బలమిచ్చింది. 2019 సవరణతో అది మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ అయింది. ముంబైలో దాదారావు బిల్హోరే అనే కూరగాయల వ్యాపారి కొడుకు ప్రకాశ్, 16 ఏళ్ల వాడు, 2015లో రోడ్డు మీద గుంత వల్ల చనిపోయాడు. ఆయన అప్పట్నుంచీ గుంతలు పూడుస్తున్నారు, చేత్తో, మట్టీ కంకరా వేసి. ఇద్దరి పనీ ఆ ఒక్క చావులోని ఒక్క వివరంలోంచి పుట్టింది. ఎక్కడ ఏం లోపించింది అన్న దాంట్లోంచి. ఇక అమెరికాలో క్యాండీ లైట్నర్ సంగతి. 13 ఏళ్ల కూతుర్ని తాగి కారు నడిపినవాడు చంపేస్తే 1980లో, ఆ ఏడే, ఆవిడ తాగి నడపడానికి వ్యతిరేకంగా తల్లుల సంస్థ మొదలుపెట్టారు. చట్టాలు మారాయి. 1985లో ఆవిడ ఆ సంస్థ నుంచి బయటికి వచ్చేశారు. పని ఎంత గొప్పదైనా, ఏడవాల్సిన ఏడుపుని అది మన బదులు ఏడవదు.

మీ కొడుకు చావులో మీకు తెలిసిన వివరం మేకుకి వేలాడిన హెల్మెట్. మీరు వంద పంచారు. కానీ ఆ వందలో ఎన్ని ఇప్పుడు తలల మీద ఉన్నాయి? ఇంట్లో హెల్మెట్ ఉండి కూడా పెట్టుకోకపోవడమే కదా మీ కథ. ఉచితంగా ఒకే సైజు చేతిలో పెట్టి ఫొటో తీసుకుంటే సగం మేకులకే చేరతాయి. బిగుతైతే తలనొప్పి, వదులైతే కళ్ల మీదకి జారుతుంది, రెండో రోజు పక్కన పడేస్తారు.

చేయాలనుంటే వంద వద్దు, పది చాలు. వాడి స్నేహితులే పదిమంది. టైలర్ టేపుతో కనుబొమ్మలకి కాస్త పైన తల చుట్టూ కొలవండి, ఆ సెంటీమీటర్లే హెల్మెట్ సైజు. లోపల ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 4151 అన్న నంబరు చూడండి, రోడ్డు పక్కన అమ్మే తేలికపాటి టోపీల్లాంటివి వద్దు. పెట్టుకున్నాక బుగ్గలు కొంచెం నొక్కుకోవాలి. బకిల్ పెట్టి, గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లకి మించి దూరకూడదు. వెనక నుంచి అంచు పట్టుకుని ముందుకి తోస్తే తల మీంచి ఊడి రాకూడదు. వస్తే అది ప్రమాదంలో తలకంటే ముందే ఎగిరిపోతుంది. బకిల్ పెట్టని హెల్మెట్‌దీ అదే గతి. ఒకసారి గట్టిగా కింద పడినదాన్ని మార్చేయాలి, లోపలి థర్మాకోల్ లాంటి పొర నలిగితే బయటికి తెలియదు. వెనక కూర్చునేవాళ్లకీ కావాలి. తర్వాత, ఇది అసలు పని, నెల పోయాక ఆ పదిమందినీ కలవండి. ఎవరు పెట్టుకోవడం లేదు, ఎందుకు పెట్టుకోవడం లేదు అని అడగండి. చెమటా, జుట్టా, కాలేజీలో పెట్టుకునే చోటు లేకపోవడమా? ఆ జవాబులు వింటుంటే మీకు చేయాల్సిన పని దానంతటదే కనిపిస్తుంది. బహుశా అది కాలేజీ పార్కింగ్‌లో హెల్మెట్లకి ఒక ర్యాకు కావచ్చు. దానికి 5 లక్షలు అక్కర్లేదు.

ఏ సేవ మొదలుపెట్టే ముందయినా మిమ్మల్ని మీరు అడగండి: ఫొటో లేకపోయినా చేస్తానా? నా భార్యకి ముందుగా చెప్పానా? ఇది చేసి వచ్చిన రాత్రి వాడి గురించి మాట్లాడగలుగుతున్నానా, లేక మాట్లాడకుండా తప్పించుకోవడానికి చేస్తున్నానా? మూడో దానికి తప్పించుకోవడానికే అని జవాబు వస్తే, ఆ పని ఆర్నెల్లు వాయిదా వేయండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం ఆరు నెలలు దాటాక, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022 పుస్తకం ప్రకారం పెద్దవాళ్లలో ఏడాది దాటాక కూడా, దాదాపు రోజూ విడవని తపన, వాడు లేడన్నది నమ్మలేకపోవడం, తనలో ఒక భాగం చచ్చిపోయినట్టుండటం, పనులు చేసుకోలేకపోవడం ఉంటే దాన్ని చికిత్స అవసరమైన దుఃఖంగా చూస్తారు. మీ భార్య ఏడాదిన్నరగా గదిలోంచి సరిగా బయటికి రావడం లేదంటే ఆవిణ్ని మానసిక వైద్యులకి చూపించాలి. ఏడవడం జబ్బని కాదు, ఇలాంటి దుఃఖానికి ప్రత్యేకమైన మాటల చికిత్స ఉంది కాబట్టి. మూడింటి మెలకువ మీకు రెండు వారాలకు మించి రోజూ ఉంటే, దేనిమీదా ఇష్టం లేకపోతే మీరు కూడా వెళ్లండి. అది దుఃఖంతో కలిసిపోయిన డిప్రెషన్ కావచ్చు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు వేసుకోకండి. ఇప్పటికే నెలల తరబడి వేసుకుంటుంటే ఒక్కసారిగా మానకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. మద్యం తాగడం పెరిగితే అదీ డాక్టరుకి చెప్పండి. వాడి దగ్గరికి వెళ్లిపోవాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికి వచ్చినా, మాట వరసకి అన్నా, ఆ రోజే టెలి మానస్ 14416కి ఫోను చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీది ఎరువుల కొట్టు. పురుగుమందులు కూడా అమ్ముతుంటే, ఇంట్లో ఒక్క డబ్బా కూడా ఉంచకండి, కొట్టు తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి. ఇది మేం ప్రతి ఇంటికీ చెప్పే మాటే, మీ ఇంటిని అనుమానించి కాదు.

ఇక మీ బావమరిది. ఆయనకి మేనల్లుడు పోయాడు. ఏం చేయాలో తోచక వీడియోలు పంపుతున్నాడు. కసురుకోకండి, అలాగని చూడకండి కూడా. "వీడియోలు ఆపు, నాకు పనికొచ్చే పని ఒకటుంది" అని చెప్పండి. వారానికి రెండు సాయంత్రాలు ఆరింటి నుంచి ఏడింటి దాకా కొట్టు చూసుకోమనండి.